వేడి అట్టు

పెనం మీద నూనె చుయ్యిమంటుంది. ఆవిరి లేస్తుంది. అల్లం వాసన వీధిదాకా పోతుంది...

పదమూడేళ్ళుగా ఆ ఇంట్లో అట్లు పోస్తున్నది వెంకటనరసమ్మే.

తొలి అట్టు మావగారికి. రెండోది మొగుడికి. తర్వాత మరుదులకి, పిల్లలకి, పాలేరుకి. పొయ్యి ఆరాక, భర్త తిని లేచిన ఆకులో, మిగిలిన ఒక్కటీ ఆమెకి. అప్పటికది తోలులా సాగుతుంది.

వేడి పెసరట్టు నాలిక మీద ఎలా ఉంటుందో పోసే మనిషికే తెలియదు. ఇదెక్కడి న్యాయం!

మొగుడు గంగాధరరావు చెడ్డవాడు కాదు. అదే ఒళ్ళు మండించే సంగతి. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

ఆశ్వయుజమాసం. వానలు వెలిశాయి. చేలు పొట్టకొచ్చాయి, కోతలింకా దూరం.

"ఏలూరు పోదామే, రెండ్రోజులు. హోటల్లో వేడి వేడి పెసరట్టు తినిపిస్తాను. హాయిగా కూర్చుని తిందువుగాని," అన్నాడు.

కూర్చుని... వేడిగా.

ఆ రెండు మాటలూ కొంగున ముడేసుకుని బయల్దేరింది.

తాడేపల్లిగూడెం దాకా ఎడ్లబండి. అక్కణ్ణించి రైలు. కిటికీ అవతల తెల్లటి మబ్బులు, పచ్చటి చేలు, కొల్లేటివైపు సాగిపోయే కొంగల బారు. అవి కూడా జంటగానే ఎగురుతున్నాయనుకుంది, పిచ్చిది.

ఏలూరులో తివాచీలు నేసేచోట చాలాసేపు నిలబడ్డారు. రంగు రంగుల ఊలు, ముడి మీద ముడి. కాలవగట్టున నడిచారు. ఆయన ముందు, ఆమె నాలుగడుగులు వెనక. అయినా సంతోషంగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే హోటలు.

గుమ్మంలోంచి ఆవిరి... నెయ్యి వాసన... ఆమె మెట్టు మీద కాలు పెట్టింది.

"ఆడవాళ్ళు కూర్చునే చోటు లేదండీ," అన్నాడు గల్లా దగ్గర మనిషి. ఎంతో మెత్తగా అన్నాడు. మర్యాదగా కొట్టిన చెంపదెబ్బ!

"నువ్వీ అరుగు మీద ఉండు. చిటికెలో వస్తాను," అని భర్త లోపలికి వెళ్ళాడు.

పొట్లం కట్టించుకుని వస్తాడనుకుంది.

ఆయన కూర్చున్నాడు. తిన్నాడు. ఒకటి... ఇంకొకటి. నింపాదిగా కాఫీ కూడా తాగాడు. మగవాడు తిన్నాకే ఆడది తినాలి. ఆ అలవాటు కూడా రైలెక్కి వాళ్ళ వెంటే వచ్చింది.

మూతి తుడుచుకుంటూ వచ్చి అరిటాకు పొట్లం చేతిలో పెట్టాడు. తన అట్టుతోబాటే కట్టించి, తినేంతసేపూ పక్కనే పెట్టుకున్నాడట! మరిచిపోకుండా.

"నెయ్యి దండిగా వేయించాను. తిను."

"చల్లారిపోయిందండీ."

"అయితే ఏమైందే? రుచి ఎక్కడికి పోతుంది?"

ఎక్కడికి పోతుందో ఆమెకి పదమూడేళ్ళుగా తెలుసు.

పొట్లం ఆయన చేతికే ఇచ్చేసి లేచింది. నడిచింది. ఈసారి ఆమె ముందు, ఆయన వెనక.

కాలవగట్టున, మూడు రాళ్ళ పొయ్యి దగ్గర, చర్చి వెనక పేటలో ఉండే మార్తమ్మ పడవవాళ్ళకి అట్లు పోస్తోంది.

"నాకొకటి పెట్టమ్మా."

మార్తమ్మ చేతిలో గరిటె ఆగింది. తన కులం ఎరిగిన పెద్దింటివాళ్ళెవరూ ఆ మాట అడగరు. "మా చేతిది తింటారా అండీ?"

"వేడిగా ఉంటుందా?"

"పెనమ్మీంచి తీసి పెడతానండీ."

"అయితే పెట్టు."

"ఏమే, నీకు మతిపోయిందా! నలుగురూ చూస్తున్నారు!" గంగాధరరావు అటూ ఇటూ చూశాడు.

చూస్తున్నారు. ఈ కబురు వాళ్ళకన్నా ముందే ఊరు చేరుతుంది. మావగారు మళ్ళీ గడప తొక్కనివ్వకపోవచ్చు. రేపు ఆ ఇంట్లో అట్లెవరు పోస్తారో, ఆమె పోస్తే ఎవరు తింటారో... అన్నీ తెలుసు ఆమెకి. తెలిసే, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

తామరాకులో అట్టు పడింది.

తుంచింది. వేళ్ళు చురుక్కుమన్నాయి. నోట్లో పెట్టుకుంది. నాలిక కాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఇంత రుచి దాచారా తన దగ్గర! తన చేతి అట్టే, తనకి దక్కకుండా!

"ఇంకోటి పొయ్యనా అమ్మా?"

"పొయ్యి."

వెనక, చల్లటి పొట్లం పట్టుకుని ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె ఇంకా తిరిగి చూడలేదు.

పెనం మీద నూనె చుయ్యిమంది. ఆవిరి లేచింది...