హజరత్తయ్య మడిలో పడవ

శుక్రవారం ఉదయం ఆరున్నరకు టైటస్ పడవ ఇంటి ముందు లేదు. దాన్ని కట్టిన కంచె స్తంభం కూడా లేదు.

విడవలూరు మండలంలో ఆ ఊరు సముద్రానికి అర కిలోమీటరు. తుఫాను కబురు వస్తే అక్కడివాళ్లు పడవలను ఊళ్లోకి లాగి, అడుగున ఉన్న రంధ్రానికి బిరడా తీసేస్తారు. వరద వస్తే నీళ్లు పడవలోకి ఎక్కుతాయి, పడవ తేలకుండా ఉన్నచోటే కూర్చుంటుంది. గురువారం టైటస్ అదే చేశాడు. బిరడా జేబులో వేసుకుని చర్చికి వెళ్లాడు. ఊరంతా ఆ రాత్రి తలదాచుకున్నది చర్చిలోనే.

ఆయన భార్య అబిగయీలు వెనక బయల్దేరింది. వెళ్లే ముందు రెండు బియ్యం బస్తాలు, మిక్సీ, మూడు కోళ్లు పడవలో పెట్టి పట్టా కప్పింది. ఇంటి గచ్చు కంటే పడవ ఎత్తు. అప్పుడు రంధ్రం కనబడింది. మొగుడు మరిచిపోయాడనుకుంది. పాత రబ్బరు చెప్పు కోసి, రంధ్రంలో పెట్టి సుత్తితో కొట్టింది.

"నిన్నెవురు మూయమన్నారు మే?" అన్నాడు టైటస్, పొద్దున ఆ సంగతి తెలిశాక.

"బొక్కున్న పడవలో బియ్యం పెట్టేదానికి నాకేమన్నా పిచ్చా?"

"అసలు బియ్యం పెట్టమని ఎవురు చెప్పినారు?"

"నువ్వు చెప్పలా. నువ్వేదీ చెప్పవు. అదే గదా నీతో బాధ."

ఎనిమిదింటికి పడవ దొరికింది. ఊరికి పడమర, హజరత్తయ్య మడి మధ్యలో తేలుతోంది. తాడు చివర స్తంభం బురదలో దిగి లంగరులా పట్టింది.

హజరత్తయ్య పారతో గట్టు మీద ఉన్నాడు. ఆయన వరి నాటి నెల కాలేదు. నీళ్లు వదలకపోతే పైరు కుళ్లుతుంది. వదిలితే పడవ బురదలో కూర్చుంటుంది. ఆ బురదలోకి ట్రాక్టరు రాదు, మనుషులు లాగితే అడుగు గట్లకు తగిలి పగులుతుంది. టైటస్‌కు ఉన్నది ఆ ఒక్క పడవే.

"మధ్యాహ్నం దాకా ఆగన్నా. మనుషుల్ని పిల్చుకోనొస్తా."

"వాళ్లొచ్చేలోపు నా పైరు పోతాది టైటసూ. నన్నడిగే తోలినావా దీన్ని ఈడికి?"

"నేను తోల్లేదన్నా. ఆమె తోలింది."

"నేను చర్చిలో ఉండా," అంది అబిగయీలు. "ఊరంతా చూసినారు."

పట్టా కింద కోళ్లు అరిచాయి.

"కోళ్లు గూడా పెంచతా ఉండారా నా మడిలో?" అన్నాడు హజరత్తయ్య.

గట్టుకు అవతల మురుగు కాలువ ఉంది. అది ఊరి పక్కగా సముద్రానికి పోతుంది. అబిగయీలు కాలువను చూసింది.

"అన్నా, గట్టు ఎంత తెగ్గొడతావు?"

"మూరెడు."

"ఏడడుగులు తెగ్గొట్టు. నీళ్లూ పోతాయి, వాటెంబడి పడవా పోతాది."

హజరత్తయ్య పార దించాడు. "మళ్లీ గట్టెవురు పోస్తారు?"

"ఈయన."

"నేనా?" అన్నాడు టైటస్.

"బిరడా జేబులో పెట్టుకోని తిరిగే మనిషివి. వేరే పనేముంది నీకు?"

గట్టు తెగింది. టైటస్ నీళ్లలోకి దిగి స్తంభం తాడు కోశాడు. పడవ అడ్డం తిరిగి గండిలో ఇరుక్కుంది. ముగ్గురూ భుజాలు ఆనించి నెట్టారు. పదకొండింటికి అది కాలువలోకి దిగింది. అడుగు పగల్లేదు. అబిగయీలు ఎక్కి, గడకర్రతో దాన్ని ఊరివైపు తిప్పింది.

నీళ్లు దిగాక టైటస్ గట్టు పోయడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి నాలుగడుగులు పూర్తయింది. అది వంకరగా ఉందని హజరత్తయ్య చెప్పాడు.