త్రూ ప్రాపర్ ఛానల్

మా బాపు బుచ్చిరాములు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేశాడు. ఆయన లెక్కలో ఉద్యోగమంటే ఒకటే తీరు. పైన హెడ్డాఫీసు, కింద జోన్లు, డివిజన్లు. ఒకచోట కుర్చీ పోతే ఇంకోచోట వేస్తారు. అర్జీ మాత్రం త్రూ ప్రాపర్ ఛానల్, అంటే పైఅధికారి సంతకంతో, పోవాలి.

నాది ఆడిటర్ల ఆఫీసు. ఉప్పల్ రోడ్డు మీద మూడో అంతస్తు. ఆరేళ్లు అక్కడ రిపోర్టులు టైపు చేశాను. గుమ్మం మీద నీలం బోర్డు, నూటపది దేశాల్లో అదే నీలం, అదే ఇంగ్లీషు పేరు. నాచారంలో మా గల్లీ అందరికీ బాపు ఆ పేరు నేర్పించాడు. కూరగాయల శాంతాబాయి కూడా తప్పు పోకుండా పలికేది.

2012 ఆగస్టులో మా పెద్దసారు మురళీధర్ గారు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఇండియాలో ఇకనుంచి ఆ పేరు ఢిల్లీ సంస్థ ఒక్కదానికేనట. మన బోర్డు దిగుతుంది. పేరు చూసి వచ్చిన క్లయింట్లు పేరు వెంటే పోతారు. సెప్టెంబరు ఆఖరుకు ఆఫీసు బంద్. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. తెచ్చుకున్న పులిహోర మొత్తం తిన్నాను.

ఇంట్లో చెబితే బాపు ఫికర్ పడలేదు.

"గిదేం పెద్ద ముచ్చట బిడ్డా? ఢిల్లీకి ట్రాన్స్‌ఫర్ అడుగు. లండన్ల హెడ్డాఫీసు ఉన్నది గదా."

కాదని చెప్పడానికి నాకూ ఏమీ తెలియదు. ప్రతి రిపోర్టు చివర సంతకం కింద ఆ నీలం పేరు ఉండేది కాదు, సారు వాళ్ల నాన్న పెట్టిన పాత సంస్థ పేరు ఉండేది. ఆరేళ్లు టైపు చేశాను గానీ ఎందుకని ఒక్కరోజు అడగలేదు.

అర్జీ బాపే రాశాడు. పైన "త్రూ ప్రాపర్ ఛానల్" అని రాసి స్కేలుతో గీత కొట్టాడు. సారు దాన్ని చాలాసేపు చూసి, కింద "ఫార్వర్డెడ్" అని సంతకం పెట్టారు. ఆయన నవ్వి ఉంటే బాగుండేది. స్కాన్ చేసి లండన్‌కు మెయిల్ పంపాను.

ఇరవై మూడు రోజులకు జవాబొచ్చింది. పైన "డియర్ సర్ ఆర్ మేడమ్" అని ఉంది. ప్రింటు తీసి ఇంటికి తెచ్చి బాపుకు చదివి చెప్పాను. మేము ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకోము. పేరు వాడుకునే సంస్థలు దేనికది వేరు, ఒకదాని బాధ్యత ఇంకోదానికి లేదు. మీరు మా ఉద్యోగి కారు. బోర్డు మాత్రం మాది. తీసి, పగలగొట్టి, ఫొటో పంపండి.

"అంటే ఏంది? హెడ్డాఫీసు ఎవలకు హెడ్డాఫీసు?"

"ఎవలకూ కాదు బాపు. ఇంటిపేరు ఒక్కటే, పొయ్యిలు వేరు."

"మరి ఆరేండ్లు నువ్వు ఎవల కాడ జేసినవ్?"

"మురళీధర్ సారు కాడ."

చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకున్నాం, అంతే. ఆ మాట బాపుతో అనలేదు. ఆయన కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

ఆఖరి రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతోపాటు ఆఫీసుకొచ్చాడు. బోర్డు దింపడానికి వచ్చిన బాలరాజన్న మరలు విప్పి, సుత్తితో నాలుగు దెబ్బలేశాడు. నీలం ముక్కలు మెట్ల మీద పడ్డాయి. వాటిని ఒకచోట పేర్చి ఫొటో తీసి పంపాను. ఆ పని చేసిన చేతులు నావి కానట్టు అనిపించింది.

పది నిమిషాల్లో లండన్ నుంచి జవాబొచ్చింది. "డియర్ త్రివేణి, అందింది. ధన్యవాదాలు."

బాపు కళ్లద్దాలు సర్దుకుని కంప్యూటర్ దగ్గరికి వంగాడు. రెండుసార్లు చదువుకున్నాడు. మొహం వెలిగింది.

"సూసినవా? నీ పేరు రాసిన్రు బిడ్డా. జర ఇంకొక్కసారి అడుగుదమా?"

నెల రోజులుగా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.