చెడని యంత్రం

యుద్ధం ముగిసిన పదేళ్లకు, "సుగికజె" అనే డెస్ట్రాయర్ యుద్ధనౌకలో పనిచేసి బతికి బయటపడ్డవాళ్లు కురే రేవు దగ్గర నూడుల్స్ కొట్లో కలిశారు. ఓడ చరిత్ర రాస్తున్న మాజీ అధికారి హిరయామ తన రాతప్రతి చదివి వినిపిస్తున్నాడు.

"నవంబరు తొమ్మిది. యంత్రం చెడి, ఓడ నడిసముద్రంలో మూడు గంటలు నిలిచిపోయింది."

ఆ ఓడ యంత్రాల గదికి పెద్దగా పనిచేసిన తొకునాగకు అరికాలి మంట నెత్తికెక్కింది. సాకె సారా గిన్నె బల్లమీద ఠప్పున పెట్టాడు.

"నా యంత్రం ఒక్కనాడూ చెడలేదు. కొట్టేయండి!"

"కెప్టెన్‌గారే లాగ్‌బుక్కులో రాశారయ్యా."

"రాయకేం చేస్తారు? మునిగిన మరో ఓడలోని మనవాళ్లు నీళ్లలో అల్లాడుతుంటే, ఆగొద్దని పైనుంచి ఆజ్ఞ. కెప్టెన్‌గారు పైనుంచి యంత్రాల గదికి మాట్లాడే గొట్టంలోంచి, 'తొకునాగా, యంత్రం చెడినట్టుందే?' అన్నారు. అది శుభ్రంగా తిరుగుతోంది. 'చెడిందండీ' అని నేనే ఆపాను. నూట పన్నెండు మందిని పైకి లాగాం."

హిరయామ గొంతు తగ్గించాడు. "అది రాస్తే, పోయిన కెప్టెన్‌గారికి ఆజ్ఞ మీరారన్న మచ్చ పడుతుంది."

"పడనివ్వండి! ఆయనకది మచ్చ కాదు. ఇన్నేళ్లూ నా యంత్రం మోసిందే మచ్చ."

హిరయామ ఆ వాక్యం కొట్టేశాడు. "మరి ఓడ ఆగడానికి కారణం ఏమని రాయను?"

"ఆ నూట పన్నెండు పేర్లూ రాయండి."

"అంత చోటెక్కడిదయ్యా?"

"ముందుమాటంతా మీ పేరేగా!" అన్నాడు తొకునాగ. "అక్కడ ఖాళీ చేయండి."