ఎనిమిదో మునక

కళ్ళద్దాల లోపలివైపు మాచిపత్రి నలిపి రుద్దడం కినుయోకి ఆ ఉదయం అది మూడోసారి. ఒక్కసారి రుద్దితే చాలు, నీళ్ళలో అద్దం మసకబారదు. యాభై ఏళ్ళుగా ఆమెకు తెలిసిన సంగతే. అయినా వేళ్ళు పచ్చబడేదాకా రుద్దుతూనే ఉంది. ఆపితే తలెత్తి సముద్రం వైపు చూడాలి.

గుడిసె మధ్యలో నిప్పు మండుతోంది. చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు, అందరూ అరవై దాటినవాళ్ళే, నల్ల రబ్బరు సూట్లు నడుముదాకా తొడుక్కుని వీపులు కాచుకుంటున్నారు. ఇనప జల్లెడ మీద ఎండుచేపలు చిటపటమంటున్నాయి. బూడిదలో చిలగడదుంపలు మగ్గుతున్నాయి. తలుపు సందులోంచి కనిపించే సముద్రానికి మబ్బు కమ్మింది. షిమా తీరంలో అవాబి నత్తలు పట్టే కాలానికి అదే ఆఖరి రోజు. తొమ్మిదిన్నరకు జాలర్ల సంఘంవాళ్ళ మైకు పలికితే దిగాలి, పదకొండుకు సైరన్ మోగితే గట్టెక్కాలి. ఆ గంటన్నరా గడిస్తే ఈ ఏటికి గండం గడిచినట్టే అనుకుంది కినుయో.

డెబ్బై రెండేళ్ళ మనిషి. పొట్టి. ఉప్పునీటికి జుట్టు కొబ్బరిపీచులా బిరుసెక్కింది. బండల మధ్య వెతికీ వెతికీ రెండు చేతుల గోళ్ళూ సగానికి అరిగిపోయాయి. కొండల్లో వరి పండించుకునే ఊరినుంచి ఇరవయ్యో ఏట ఇక్కడికి కోడలిగా వచ్చింది. అప్పటికి ఆమె చూసిన పెద్ద నీళ్ళంటే పొలం గట్టు పక్కన కాలవే. అత్తగారు, దిగినవాళ్ళు తిరిగి రావాలని నక్షత్రం గుర్తు చెక్కిన తన ఇనప ఉలి చేతిలో పెట్టి, పక్కింటి ఇసోయెకి ఆమెను అప్పగించింది. ఇసోయె ఆమె నడుముకి తాడు కట్టి బండ మీదినుంచి తోసింది. ఆ రోజు పట్టుకున్న భయం ఇంతవరకూ వదల్లేదు. మిగతావాళ్ళకు రోజూ దిగగా దిగగా భయం అరిగిపోయింది. కినుయోకి గోళ్ళే అరిగాయి.

మరి ఎందుకు దిగిందంటే, ఆమె మొగుడు తమేజి మూడు రోజుల సన్యాసి. ముత్యాల తెప్పలు కట్టాడు, వదిలేశాడు. నారింజ మొక్కలు నాటాడు, నీళ్ళు పోయడం మర్చిపోయాడు. తేనెటీగలు తెచ్చాడు, అవే ఆయన్ని వదిలేసి పోయాయి. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఒకరు నీళ్ళలో మునగాలి. ఎనిమిదేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు, మధ్యలో మానెయ్యకుండా పూర్తిచేసిన పని ఇదొక్కటేనని శవం పక్కనే కూర్చుని ఇసోయె అంది. కినుయో ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది.

ఇసోయె మాట తీరే అంత. ఎవరికి ఏ పని చెడినా ఆమె దగ్గర ఒక సామెత సిద్ధంగా ఉంటుంది. పడవ తిరగబడితే ఏటి భూతం కూడా ఏట్లో కొట్టుకుపోతుంది అంటుంది. వంట మాడితే కోతి కూడా కొమ్మ మీంచి పడుతుంది అంటుంది. డెబ్బై తొమ్మిదేళ్ళ బక్క మనిషి, ముందు పన్ను బంగారుది. చాలా ఏళ్ళ కిందట లోతులో కర్ణభేరి పగిలి కుడి చెవి పోయింది. కొడుకూ లేడు, కూతురూ లేదు, ఒక గుడ్డి పిల్లి ఉంది. ఆ ఊళ్ళో ఆమెను చూసి ఎవరూ గొప్పదనరు, ఎవరూ చెడ్డదనరు. రోజూ దిగేది, రోజూ ఎక్కేది, అంతే.

మూడు రోజుల కిందట కూడా ఇలాగే మబ్బు పట్టి ఉంది. సముద్రంలో ఎద్దుబండ అనే రాతి కింద నాలుగు నిలువుల లోతులో కినుయోకి అరచేయంత అవాబి కనిపించింది. అవాబిని ఒక్క పోటుతో లేపాలి. ఆ పోటు తప్పితే అది రాతిని కరుచుకుపోతుంది, ఇక వదిలేసి రావలసిందే. కినుయో ఉలి దూర్చింది. అప్పుడే బండకు అవతలివైపు ఒక మనిషి కనిపించింది. తెల్ల తలగుడ్డ, పొట్టి శరీరం, చేతిలో ఉలి. అచ్చం తనలాగే ఉంది. తలగుడ్డ కొసలు మాత్రం కొంచెం పొడుగు. ఆ మనిషి ఒక అవాబిని చేతిలో పట్టుకుని రమ్మన్నట్టు చాచింది. కినుయో ఉలిని అవాబిలోనే వదిలి, ఎలా పైకి వచ్చిందో తెలియకుండా వచ్చిపడింది.

నీళ్ళలో తనలాంటి మనిషిని చూసినవాళ్ళు గుడిసెలో చెప్పి తీరాలి. చెబితే ఆ గుడిసెవాళ్ళందరూ మూడు రోజులు నీళ్ళలో దిగకూడదు. ఆ మనిషి చాచింది అందుకుంటే అది లోతుకి లాక్కుపోతుందని అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న ఆచారమిది. దాన్ని నమ్మననేవాళ్ళు కూడా దిగరు. ఆ లెక్కన కాలం అక్కడితో ముగిసిపోయేది.

అదొక్కటే అయితే కినుయో చెప్పేసేదే. కాని ఇరవై మూడో ఏట ఒకసారి ఇలాగే చూశానని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. అందరూ మూడు రోజులు ఒడ్డున కూర్చున్నారు. ఎండ బాగా కాసింది, సముద్రం అద్దంలా ఉంది, పక్క గుడిసెవాళ్ళు సంచులు నింపుకున్నారు. నాలుగో రోజు ఇసోయె దిగి చూస్తే అది నాచులో చిక్కుకున్న పిండి బస్తా. అప్పటినుంచి ఊళ్ళో ఎక్కడ తెల్లగుడ్డ ఆరేసినా "కినుయో, నీ చుట్టం వచ్చింది" అనేవారు. అత్తగారు పోయేదాకా అన్నది. తమేజి పోయేదాకా అన్నాడు.

అందుకే ఈసారి తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. అవాబి కరుచుకుంది, ఊపిరి చాలక ఉలి వదిలేశానని చెప్పింది. మర్నాటి నుంచి అదే గుడిసెలోని తోమె దగ్గర రెండో ఉలి అరువు తీసుకుని దిగుతోంది. అత్తగారి ఉలి దొరికిందా అని రోజూ అడుగుతున్నారు. దిగాను, దొరకలేదు, నీళ్ళు మసకగా ఉన్నాయి అని రోజూ చెబుతోంది. నిజానికి ఎద్దుబండ వైపు ఒక్కసారి కూడా పోలేదు. మెడలోతు కంటే కొంచెం ఎక్కువ నీళ్ళలో, పిల్లలు ఈదే చోట మునిగి లేస్తోంది.

ఇసోయె చేప తల కొరుకుతూ ఆమె వైపు తిరిగింది.

"ఎన్నిసార్లు దిగావే ఆ ఉలి కోసం?"

"ఏడు," అంది కినుయో. ఎందుకు ఏడన్నదో ఆమెకే తెలియదు.

"అయితే ఇంకొకటి మిగిలింది. ఏడుసార్లు పడితే ఎనిమిదిసార్లు లేవాలి కదా."

ఏడుసార్లు పడ్డవాడు ఎనిమిదిసార్లు ఎలా లేస్తాడో, ఆ లెక్క తనకు చిన్నప్పటి నుంచీ తెగలేదని తోమె అంది. ఇసోయె నిప్పులో చేప ముల్లు పడేసింది.

"మొదటిది పడకుండానే లేస్తాంలేవే, అమ్మ కడుపులోంచి. అది ఉచితం. మిగతావే పడి లేవాలి."

ఓటమి గెలుపుకి తల్లి అని బడి గోడ మీద రాసుండేది కదా అని ఇంకెవరో అన్నారు. మన కినుయోకి తల్లులకు కరువు లేదు, పిల్లే పుట్టలేదు అంది ఇసోయె. అందరూ నవ్వారు. కినుయో కూడా నవ్వబోయింది కాని పెదాలు కదల్లేదు. ఎందుకంటే ఇసోయె అప్పటికే తలగుడ్డ చుట్టుకుంటూ, మామూలు మాటలా ఇంకో మాట అంది.

"ఆ ఎనిమిదోది నేను దిగుతాలే."

కినుయో ఆమె మోచెయ్యి పట్టుకుంది. "వద్దక్కా," అంది. "అక్కడ నీటి వడి ఎక్కువగా ఉంది."

"వడికి భయపడే వయసా నాది? ఆ ఉలి మీ అత్తది. దాని పిడితో నా నెత్తిన ఎన్నిసార్లు మొట్టిందో! దాన్ని అక్కడ తుప్పు పట్టనిస్తానా?"

"కోతి కూడా కొమ్మ మీంచి పడుతుందని నువ్వే అంటావు."

"పడినా కోతి కోతేనే పిల్లా. లే, మైకు మోగింది."

డెబ్బై రెండేళ్ళ మనిషిని పిల్లా అనేవాళ్ళు లోకంలో ఆమె ఒక్కతే. చెప్పెయ్యాలి అనుకుంది కినుయో. చూశానక్కా అని రెండు ముక్కలు అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ లేచి కళ్ళద్దాలు పెట్టుకుంటున్నారు, ఆఖరి రోజు హుషారు అందరి ముఖాల్లోనూ ఉంది. అది మళ్ళీ పిండి బస్తానే అయితే? ఈసారి చచ్చేదాకా, చచ్చాక కూడా అంటారు. మాట మింగేసింది.

ఒడ్డున అందరూ పట్టుకుని తేలే ఎవరి రబ్బరు రింగుని వాళ్ళు ఉలితో రెండుసార్లు తట్టి, క్షేమంగా రావాలని గొణుక్కుని నీళ్ళలోకి దిగారు. కినుయో ఆరుసార్లు తట్టింది.

ఇసోయె రింగుని ముందుకు తోసుకుంటూ నేరుగా ఎద్దుబండ వైపు ఈదుతోంది. కినుయో ఎప్పటిలా పిల్లల చోటికి పోబోయి ఆగిపోయింది. కాళ్ళ కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఆ నలుపులో ఎక్కడో పొడుగు కొసల తలగుడ్డ కట్టుకుని ఒకతె ఎదురు చూస్తూ ఉందని, అది చాచిన చెయ్యి తన కోసం చాచిందని, ఇప్పుడు ఆ చేతికి వేరే మనిషి దొరకబోతోందని తోచింది. ఆమె ఇసోయె వెనకాల ఈదింది. యాభై ఏళ్ళలో ఎప్పుడూ అంత వేగంగా ఈదలేదు. అయినా ఇసోయెను అందుకోలేకపోయింది.

"అక్కా! నేను వెళ్ళలేదు! ఒక్కసారి కూడా వెళ్ళలేదు! అక్కడ దాన్ని చూశాను!"

ఆమెకు ఇటువైపున్నది ఇసోయె కుడి చెవి. గాలి ఎదురుగా వీస్తోంది. ఇసోయె వెనక్కి తిరిగి చూసి, ఏదో వినబడ్డట్టే చెయ్యి ఊపింది. తర్వాత నడుము వంచి తలకిందులైంది. రెండు పాదాలు ఒక్క క్షణం గాలిలో నిలబడి నీళ్ళలోకి పోయాయి.

కినుయో అంకెలు లెక్కపెట్టింది. ఇరవై. ముప్పై. లెక్క తప్పి మళ్ళీ ముప్పై దగ్గర మొదలుపెట్టింది. నలభై. నీళ్ళలోకి తొంగి చూద్దామనుకుంది కాని ముఖం ముంచడానికి ధైర్యం చాలలేదు. యాభై ఐదు. తాను ఇక్కడే ఉండిపోతానని, గుడిసెకు ఏ ముఖంతోనూ తిరిగి పోలేనని అనుకుంది. అరవై దాటింది.

అప్పుడు ఈల వినిపించింది. పైకి తేలినవాళ్ళు బిగబట్టిన ఊపిరిని సన్నగా వదిలితే వచ్చే ఈల అది. ఎవరి ఈల వారిదే. ఇసోయెది చివర్లో కాస్త విరుగుతుంది. విరిగింది. తెల్ల తలగుడ్డ నీళ్ళ మీద కనిపించింది. ఇసోయె ఒక చేత్తో రింగుని పట్టుకుని, రెండో చేత్తో దాని కింద వేలాడే వల సంచిలో ఏవేవో వేసింది.

కినుయోకి ఏడుపొచ్చింది. దేవుడా అంది, అమ్మా అంది, చచ్చిపోయిన తమేజిని కూడా పిలిచింది. ఎవరూ లేరు కింద. అక్క వెళ్ళి, వచ్చింది. భూతం లేదు, బస్తా కూడా లేదు, తన పిరికి కళ్ళు తప్ప ఏమీ లేదు. సాయంత్రం గుడిసెలో అంతా చెప్పేస్తుంది. నవ్వితే నవ్వుకోనీ, ఇంకో యాభై ఏళ్ళు ఎగతాళి చెయ్యనీ.

ఇసోయె రింగు మీద చెయ్యి వేసి ముఖం నీళ్ళలో పెట్టి తేలుతోంది. మళ్ళీ ఎక్కడ దిగాలో కిందికి చూసుకునేటప్పుడు అందరూ అలాగే ఉంటారు.

కినుయో మునిగింది. నాచు మధ్య రెండు నత్తలు దొరికాయి. పైకి వచ్చి ఈల వేసింది. మళ్ళీ మునిగింది. మబ్బు కొంచెం పలచబడి కింది ఇసుక మీద వెలుగు పడింది. చేపపిల్లలు ఆమె వేళ్ళను పొడిచాయి. సముద్రం ఇంత అందంగా ఉంటుందని అందరూ చెబితే ఇన్నేళ్ళూ ఊఁ కొట్టిందే కాని చూడలేదు. ఆ రోజు చూసింది. మూడోసారి మునిగింది, నాలుగోసారి మునిగింది. ప్రతిసారీ పైకి వచ్చినప్పుడు ఇసోయె ఉందా అని చూసుకుంది. ఉంది. అక్కడే, అలాగే, ముఖం నీళ్ళలో పెట్టి.

సైరన్ మోగింది. అందరూ ఒడ్డు వైపు తిరిగారు. ఇసోయె తిరగలేదు. చెవిటిది, వినబడలేదేమో అనుకుని కినుయో నవ్వుతూ ఈదుకుంటూ పోయి భుజం మీద చెయ్యి వేసింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన డాక్టరు గుండె ఆగిందన్నాడు. పైకి వచ్చిన కాసేపటికే జరిగి ఉంటుందని, ఈ వయసులో మంచం మీద ఉన్నా జరిగేదేనని చెప్పి, టోపీ తీసి వంగి దండం పెట్టి వెళ్ళాడు. ఇసోయెను ఇంటికి తీసుకుపోయారు. గుడిసెలో తోమె, కినుయో మిగిలారు. నిప్పు ఆరిపోవచ్చింది.

"నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు," అంది కినుయో. "ఏడుసార్లని అబద్ధం చెప్పాను. అక్కడ దాన్ని చూశాను తోమె. చెప్పి ఉంటే ఎవరం దిగేవాళ్ళం కాదు."

తోమె బూడిద కెలికింది.

"అక్కకి తెలుసు. నువ్వు పిల్లల చోట మునగడం మొదటి రోజే చూసింది. ఏం చూసిందో కినుయోని అడగకండే అంది. అడిగితే చెప్పాలి, చెబితే మళ్ళీ యాభై ఏళ్ళు ఏడిపిస్తారు అంది. ఉలి తెచ్చి చేతిలో పెడితే దానికి భయం పోతుంది అంది."

తోమె బూడిదలోంచి ఒక చిలగడదుంప తీసి, తొక్క ఒలిచి, ఆమె చేతిలో పెట్టి, శవం దగ్గర కూర్చోవడానికి వెళ్ళిపోయింది. కినుయో కూడా వెళ్ళాలి. పిల్లికి ఎవరో ఒకరు తిండి పెట్టాలి. ఆమె లేచి తలుపుదాకా వచ్చి ఆగింది.

గోడకు ఆనించిన ఇసోయె రింగులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. కింద వల సంచిలో మూడు చిన్న నత్తలు, వాటి పక్కన అత్తగారి ఉలి. దాని ఇనుము మీద, చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతగా చెక్కిన అయిదు కొసల నక్షత్రం, బయలుదేరిన చోటికే తిరిగొచ్చి ఆగిన గీత, ఆ గీతలో తడి ఇసుక.