తగువుకో బొట్టు

ఒక భాష వచ్చినాదో నేదో తెలియాలంటే ఆ భాషలో తగువాడాలి. దండాలెట్టడం, బాగున్నారా అనడం ఎవరికైనా వత్తాది. ఒంట్లో కోపం ఉడికిపోతన్నప్పుడు కూడా హిందీలోకి జారిపోకుండా ఎదటి మనిషి నోరు మూయించి రావాలి. అప్పుడు వచ్చినట్టు. ఇది నాను పెట్టుకున్న లెక్క. ఫోన్లో పాఠాలు సెప్పే గుంటలు నవ్వుకుంటే నవ్వుకోనీ, నాకేటి!

నా పేరు శైలజ. మేముండేది ఇనప ప్లాంటున్న హిందీ ఊర్లో. ఇల్లు పర్సుడీహ్‌లో. పని అగ్రికో దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో. ఆయాని. మనుషుల్ని ఎత్తడం, దింపడం, పక్కకి తిప్పడం, తుడవడం. అలగెత్తీ ఎత్తీ నడుం పోనాది. పొద్దున్న మంచం దిగాలంటే గోడ పట్టుకోవాల. "ఇంక బరువులెత్తకు" అని డాక్టరు సెప్పినాడు. ఆయనకేటి, సెప్తాడు! బరువెత్తకపోతే నన్నెవడు పనిలో ఉంచుతాడు?

మా నర్సింగ్ హోమ్ గుమ్మంలో ఒక బల్ల, దానెనక ఒక కుర్చీ ఉన్నాయి. వచ్చినోళ్లకి ఏ డాక్టరు ఎక్కడో సెప్పే సీటది. అక్కడ కూకునే పిల్ల పెళ్లి సేసుకుని ఎల్లిపోతన్నాదని తెలిసిన్నాడే, మా పెద్ద మేడమ్ మహాంతీ అందర్నీ పిలిచినాది. "ఇక్కడికొచ్చేవాళ్లలో సగం మందికి హిందీ సరిగ్గా రాదు. ఒడియా, బంగ్లా, కాస్తంత సంతాలీ వచ్చినవాళ్లకి ఆ కుర్చీ. దుర్గాపూజ అవగానే పరీక్ష పెడతాను" అన్నాది. ఎంత సదివినారని అడగనేదు. నా సూపంతా ఆ కుర్చీ మీదే ఉన్నాది. నడుం ఆన్చుకోడానికి మెత్తగా వీపున్న కుర్చీ. అది నాకు రావాల. రాకపోతే ఈ నడుంతో ఇంకో ఏడాది కూడా ఎల్లదీయనేను.

ఆ రాత్రే నా మొగుడు గౌరీశంకర్‌తో సెప్పినాను. ఆడు ప్లాంటులో క్రేన్ మీద పని సేత్తాడు. అన్నం కలుపుకుంటా, "ఈ వయసులో నీకెందుకే ఈ సదువులు?" అన్నాడు. మా కూతురు నేహ అయితే తలెత్తకుండానే, "మమ్మీ, ఛోడో నా" అన్నాది, వదిలీమని. నాను తెలుగులో అడిగితే అది హిందీలో బదులిత్తాది, దాని పద్ధతే అంత. సరే, ఎవరూ వద్దు. నాకు నానే నేర్సుకుంటానని ఫోన్లో పాఠాలు ఎట్టుకున్నాను.

ఏది ఎంతవరకొచ్చిందో తెలియాల కదా. బజారులో మూడు రంగుల బొట్టుబిళ్లల అట్టలు కొన్నాను. ఒడియాకి ఎరుపు, బంగ్లాకి ఆకుపచ్చ, సంతాలీకి పసుపు. ఒక తగువు పూర్తిగా గెలిత్తే బీరువా అద్దం మీద ఆ రంగు బొట్టొకటి. మజ్జిలో హిందీ మాట దొర్లినాదా, బొట్టు నేదు. నన్ను నాను మోసం సేసుకోడానికి కాదు కదా ఇదంతా.

బంగ్లా పరుగెత్తినాది. పర్సుడీహ్ బజారులో సేపలమ్ముకునే బంగ్లా ఆవిడ ఉన్నాది, నోరు కాదది, మైకు. పొద్దున్నే ఎల్లి దాని సేప మొప్ప ఎత్తి సూసి, "ఏటా పొచా మాఛ్" అనీదాన్ని, ఇది కుళ్లిన సేప అని. ఇంక సూసుకో! మొదట్లో నాను ఒకటంటే అది పదనీది. పోనుపోను సమానమైనాము. ఒకనాడు దాని నోట మాట రాక ఒక సేప ఊరికే ఇచ్చేసి, ఎల్లమ్మా ఎల్లు అన్నాది. ఆ రోజు ఆకుపచ్చ బొట్టు ఎట్టినాను.

సంతాలీ దగ్గర మాత్రం నా ఎత్తు పారనేదు. ఆకుకూరలు తెచ్చే సంతాలీ అమ్మతో తగువెట్టుకుందామని ఎంత గీరినా అది నవ్వి కట్ట సేతిలో ఎట్టీసి ఎల్లిపోయీది. తగువే ఆడని మనుషుల్తో నానేటి సేసీది! జోహార్ అని దండం ఎట్టడం, హాసు అంటే నొప్పని, దాక్ అంటే నీళ్లని నేర్సుకుని ఊరుకున్నాను. పసుపు అట్ట అలగే ఉండిపోనాది.

ఇంక ఒడియా. ఒడియా మా ఇంట్లోనే ఉన్నాది, నాతో మాటాడదంతే.

మా అత్త తవిటమ్మ ఇచ్ఛాపురం అవతల పుట్టినాది. దాని పుట్టింట్లో అందరూ ఒడియాయే. పెళ్లై వచ్చాక తెలుగులో పడిపోనాది గానీ, పట్టరాని కోపమొత్తే మాత్రం ఇప్పటికీ ఒడియాయే బయటికొత్తాది. నాకు నేర్పమని అడగొచ్చు కదా అంటారు. ఎందుకడగాల? నా కూర దానికి నీళ్లు, నా పోపు దానికి మాడు, నాను నడిత్తే దాని నిద్ర సెడతాది. ఇన్నేళ్లలో ఒక్కసారి నన్ను మెచ్చుకోని ముసిల్ది. దాని కాళ్ల కాడ కూకుని అక్షరాలు దిద్దాలా? సచ్చినా అడగను అనుకున్నాను.

అడక్కుండానే పిండుకోడానికి ఒక ఎత్తేసినాను. దాని వక్కాకు డబ్బా తీసి అటకమీదెట్టీడం, టీవీ గొంతు పెంచీడం, కాళ్లెట్టుకునే పీట తడిపీడం. దానికి మండుకొచ్చీది. మొదట తెలుగులో తిట్టీది. ఇంకా మంటెడితే ఒడియా పొంగుకొచ్చీది. నాను గబగబా వినీసి, అవే మాటలు తిరగేసి దాని మీదకే ఇసిరి, అద్దానికి ఎర్ర బొట్టెట్టీదాన్ని. గుమ్మంలో నిలబడి నేహ, "శీశే కో చేచక్ హో గయా" అని నవ్వీది, అద్దానికి అమ్మోరు పోసిందని. ముసిల్ది ఆ ఎర్ర బొట్ల కేసి సూసీది.

పూజ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం అద్దం ముందు నిలబడి ఫోన్లో పిల్ల అన్నట్టు ఒడియా అప్పజెప్తన్నాను. గట్టిగానే అప్పజెప్పినాను, దానికి వినబడాలనే.

"ఆ ఫోను నోరు నొక్కవే ముందు!" అన్నాది అత్త మంచం మీంచి.

"నొక్కను. నీ సెవులు మూసుకో" అన్నాను.

ముసిల్ది లేసి కూకున్నాది. మొహం ఎర్రబడిపోనాది. ఒడియా అందుకున్నాది. "ఘరె మూ అఛి! మోతె పచారిలు నాహి!"

ఘరె అంటే ఇంట్లో. నాహి అంటే నేదు. పచారి అంటే తెల్దేటి? ఇంట్లో పచారీ సామాన్లు నేవని ఏడుత్తన్నాది! నాకు అరికాలి మంట నెత్తికెక్కినాది. ముందురోజు సాయంత్రమే కదా, ఈ నడుంతో సంచి మోసుకుని అన్నీ తెచ్చి డబ్బాల్లో పోసినాను. వంటింట్లోకి ఎల్లి ఒక్కో డబ్బా మూత తీసి దాని మొహం ముందెట్టినాను. "డాలి అఛి! గుడ అఛి! చాఉళ అఛి!" పప్పున్నాది, బెల్లమున్నాది, బియ్యమున్నాయి, కళ్లెట్టుకు సూడు!

ముసిల్ది డబ్బాలకేసి, నా కేసి సూసినాది. పిచ్చిదాన్ని సూసినట్టు సూసినాది. తర్వాత గొంతు తగ్గించి, "తో ఉపరె మోర భారి అభిమాన" అన్నాది.

అభిమానమట! నా మీద బారీ అభిమానమట! ఇన్నేళ్లూ నన్ను కాల్చుకుతిని, ఇప్పుడు ఎటకారం! "తో అభిమాన తు రఖ!" అన్నాను. నీ అభిమానం నువ్వే ఉంచుకో అని. ఒక్క హిందీ మాట దొర్లనేదు, ఒక్క తెలుగు మాట దొర్లనేదు. ముసిల్ది గోడకేసి తిరిగి పడుకున్నాది.

నానే గెలిసినాను. అట్టలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఎర్ర బొట్టు తీసి అద్దం నడిమజ్జిన అతికించినాను.

ఆనాటి నుంచి ముసిల్ది నోరిప్పనేదు. డబ్బా దాసినా పలకదు, టీవీ అరిసినా పలకదు. నా కూరలో ఉప్పెక్కువైనా మాటాడకుండా తినీసి లేసిపోయీది. నా ఒడియా అక్కడే ఆగిపోనాది. నన్ను ఏడిపించడానికే నోరు కట్టీసిందని పళ్లు నూరుకున్నాను.

పూజ అయిపోనాది, పరీక్ష వచ్చినాది. నాతో పాటు ఇంకో ఆయా, బిల్లులు రాసే పిల్లా ఉన్నారు. బంగ్లా పరీక్ష హెడ్ నర్సు సూసినాది. ఆవిడతో మాటాడుతుంటే నాకు సేపలావిడే కళ్లముందు కనబడినాది, గడగడా గట్టెక్కినాను. సంతాలీకి దండం, నొప్పి, నీళ్లు వత్తే సాలన్నారు. వచ్చాయి. మిగిలింది ఒడియా. అది మహాంతీ మేడమ్ సొంత భాష. ఆవిడే సూత్తానన్నాది.

నన్ను ఆ కుర్చీలో కూకోమన్నాది. అబ్బ! వీపు ఆనగానే నడుం నొప్పి సగం తగ్గినట్టనిపించినాది. మేడమ్ కొంగు తల మీద కప్పుకుని, ఊరినుంచొచ్చిన ముసలమ్మలాగ బల్ల ముందుకొచ్చి, అటూ ఇటూ సూసి, "కాహాకు పచారిబి, మా?" అన్నాది.

మళ్లీ పచారీయేనా! ఈ ఒడియా వాళ్లకి సామాన్ల యావ తప్ప ఇంకోటి నేదా అనుకున్నాను. మర్యాదగానే సెప్పినాను. "ఏఠి పచారి నాహి. బజారకు జాఅ." ఇక్కడ పచారీ సామాన్లుండవు, బజారుకెల్లండి.

ఎనక నిలబడ్డ బిల్లుల పిల్ల కిసుక్కుమన్నాది. మేడమ్ మాత్రం నవ్వనేదు. కొంగు దించి హిందీలో సెప్పినాది. "ఎవర్ని అడగాలమ్మా అని అడిగాను నేను. పచారిబా అంటే అడగడం. ఈ బల్ల ఉన్నదే అడగడానికి. ఇక్కడికొచ్చే ప్రతి ఒడియా మనిషి నోట్లో మొదటి మాట అదే. నువ్వు వాళ్లని బజారుకి తోలేస్తావా?"

తగువాడీవోళ్లు కొట్టు, తీయి, పో, ముయ్యి అంటారు గానీ, అడుగు అనరు కదా. ఆ మాట నా సెవినెలా పడతాది? పడింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ నాను పప్పు డబ్బా తీసి సూపించినాను.

"మేడమ్, మరి అభిమాన అంటే? ప్రేమే కదా?" అని అడిగినాను. ఎందుకడిగినానో నాకే తెల్దు.

"కాదు. మనవాళ్లు మన మనసు కష్టపెడితే వస్తుంది చూడు, అది. పరాయివాళ్ల మీద రాదు" అన్నాది.

కుర్చీ బిల్లుల పిల్లకెల్లిపోనాది. "సాయంత్రం డ్యూటీకి ఇంకొకరు కావాలి. కాళీపూజ అయ్యాక మళ్లీ అడుగుతాను. ఫోన్లో కాదు, మనిషి దగ్గర నేర్చుకుని రా" అన్నాది మేడమ్. నాను ఆ కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవలిసొచ్చినాది. అందరూ సూసినారు.

ఆటోలో వత్తన్నంతసేపూ ఒళ్లు మండిపోనాది. మేడమ్ మీద, ఆ నవ్విన గుంట మీద, ఫోను మీద, అందరికంటే ఎక్కువ ముసిల్దాని మీద.

ఇంటికొచ్చేతలికి అత్త మంచం మీద కూకుని వక్క కత్తిరించుకుంటన్నాది. ఇన్నాళ్లకి నోరిప్పినాది. "కుర్చీ వచ్చినాదేటి?"

"రానేదు! నీవల్లే రానేదు!"

"నానేటి సేసినానే?"

"ఇంట్లో నానున్నాను, నన్నడగనేదు అన్నావు కదా ఆనాడు? ఆ ముక్క తెలుగులో ఏడవొచ్చు కదా! తెలుగులో అనుంటే నాకు తెలిసీది కదా!"

వక్కకత్తి ఆగినాది.

"తెలుగులో నువ్వడిగుంటే తెలుగులోనే సెప్పుదును" అన్నాది ముసిల్ది. "అడిగినావా? ఫోన్ని అడిగినావు. నీ మావతో నాను ఒడియాలో మాటాడితే ఇంటిల్లిపాదీ నవ్వినారు. నా కొడుకూ నవ్వినాడు. మీ భాషలో దీన్నేటంటారు అని ఈ ఇంట్లో ఒక్కరు అడగనేదు నన్ను. కోడలు నేర్సుకుంటన్నాదంటే, ఇంక నా దగ్గరికే వత్తాదిలే అని సూసినాను. వచ్చినావు! నా డబ్బా దాసి, నా పీట తడిపి, నా మాటలు దొంగిలించి అద్దానికి బొట్లెట్టుకున్నావు. నాకు కళ్లు నేవనుకున్నావేటి? పైగా సిన్నపిల్లల్ని పిలిసినట్టు నన్ను 'తు' అన్నావు. మా ఊర్లో అత్తని అలగన్న కోడల్ని ఇంట్లో ఉంచరు."

ఎల్లి గోటితో అద్దం మీది పెద్ద ఎర్ర బొట్టు గీకినాను. జిగురు మాత్రం రానేదు. ఎనక్కొచ్చి మంచం పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాను. కిందన కూకుందామంటే నడుం ఒంగదు.

"తుమకు పచారుఛి" అన్నాను. నిన్ను అడుగుతన్నాను అని, ఈసారి 'తు' అనకుండా మర్యాదగా.

"ఏటి?"

"మూ తుమకు పచారుఛి."

"నోట్లో అంబలెట్టుకున్నావేటి? మళ్లా అను."

అన్నాను.

"మళ్లా."

కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. కోపంతోటే తిరిగినాయి, ఇంకెందుకూ కాదు. మళ్లా అన్నాను.

ముసిల్ది నన్ను కింద నుంచి మీద దాకా సూసినాది. మంచం కిందికి కాలు సాపి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీని నా వైపు ఒక్క తోపు తోసినాది.

"నడుం పోయిందానివి, నిలబడతావేటి" అన్నాది. "కూకుని అడుగు."