తమ్ముడి ఇంటి వంతు

అక్టోబరు నెలంతా జపమాల మాత మా సాతంరాయిలో ఇల్లిల్లూ తిరుగుతుంది. అద్దాల పెట్టెలో మూరెడు స్వరూపం, చేతిలో తెల్ల పూసల జపమాల. సెప్టెంబరు ఆఖరి ఆదివారం ఫాదర్ గారు చీటీలు తీసి, ఏ రోజు ఏ ఇల్లో వరుస రాయిస్తారు. పెట్టె ఉన్న ఇంటామె మర్నాడు పొద్దున్నే తరువాతి ఇంటికి వెళ్లి, ఇవాళ తల్లి మీ ఇంటికి వస్తుందని పిలుపు చెప్పాలి. సాయంత్రం పెట్టెను నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి అప్పజెప్పాలి. అక్కడ అందరూ కూర్చుని జపమాల చెప్పుకోవాలి. చీటీ వచ్చిన ఇంటిని తల్లి దాటిపోకూడదు. ఈ పద్ధతులన్నీ మా నాయన పెట్టినవి. ఆయన ఇక్కడి గుడికి నలభై ఏళ్లు ఉపదేశి, ఊరందరికీ జపాలు నేర్పిన మనిషి. ఫాదర్లు మారేవారు కానీ ఆయన మారలేదు. ఆయన కూతుర్ని నేను, శౌరమ్మను. నేనూ అంత సులువుగా మారే మనిషిని కాను.

2011లో నా చీటీ ఏడో తేదీకి వచ్చింది. సరిగ్గా జపమాల మాత పండుగ రోజు. సంతోషంతో కాళ్లు నేల మీద ఆనలేదు. కానీ ఆ వెంటనే తీసిన ఎనిమిదో తేదీ చీటీ మా తమ్ముడు ఇన్నయ్యది. వాడికీ నాకూ మాటల్లేవు.

ఇన్నయ్య ఆర్టీసీలో కండక్టరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె అప్పటికే నడుస్తోంది. సోమవారం నుంచి బస్సులు కూడా ఆగిపోతాయనగా, ఆ ముందటి ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థన చదివే వంతు వాడికి వచ్చింది. రాసిచ్చిన కాగితంలో పోపు గారి కోసం, రోగుల కోసం, వానల కోసం విన్నపాలున్నాయి. అవి బుద్ధిగా చదివాడు. తర్వాత జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. విమానాశ్రయానికి భూములు పోయిన చుట్టుపక్కల ఊళ్ల వారి కొరకు, సమ్మెలో ఉన్నవారి కొరకు, మన రాష్ట్రం మనకు రావడం కొరకు ప్రభువును వేడుకుందాం అని చదివాడు.

"ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అని జవాబు ఎత్తుకోవాల్సింది నేను. మా గుడిలో నేను ఎత్తుకుంటేనే ఆడవాళ్లు అందుకుంటారు, వాళ్ల వెనక మగవాళ్లు. నేను నోరు బిగించుకుని పీఠం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆడవాళ్లంతా ఊరుకున్నారు. మగవాళ్లూ ఊరుకున్నారు. మైకు ముందు వాడు కాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

నా కారణాలు నాకున్నాయి. ఇవాళ వీడి కాగితానికి జవాబు చెబితే రేపు ఇంకో పార్టీవాడు ఇంకో కాగితం పట్టుకొస్తాడు. అప్పుడు గుడి ఎవరిది? పైగా మా ఫాదర్ గారిది గుంటూరు వైపు. ఆయన పీఠం దగ్గర ఉండగా ఆ మాట అనడం ఏం మర్యాద? వాడికివేమీ పట్టవు. బీదవాళ్ల మొర చేరని గుడి ఎందుకంటాడు. పూజలో ఫాదర్ గారు ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం, అరచేతిలో తీసుకుంటాడు. నేను మోకరించి నాలుక మీద తీసుకుంటాను. నాయన ఒళ్లో చెరో తొడ మీద కూర్చుని ఒకే జపం నేర్చుకున్నాం. అలాంటివాళ్లం ఇలా ఎందుకు తయారయ్యామో ఆలోచిస్తే నాకే దిగులేస్తుంది.

ఆ రోజు పూజ అయ్యాక బయట వాడు నా దగ్గరికొచ్చి ఒక్క మాటే అన్నాడు. "నాకు ఇయ్యకున్నా ఏంగాదక్కా. దేవుని ముంగట చేసిన ప్రార్థనకు జవాబియ్యలే నువ్వు." నేను తల తిప్పలేదు.

చీటీలు తీసిన పూటే ఫాదర్ గారి దగ్గరికి వెళ్లి, మా తమ్ముడి వంతు తీసేయమని అడిగాను. వాడు పొద్దస్తమానం హైవే పక్కన సమ్మె డేరాలో ఉంటాడు, ఇంట్లో కొవ్వొత్తి వెలిగించే దిక్కు లేదు అన్నాను. అబద్ధమేమీ కాదు. మా మరదలు నిర్మల షాద్‌నగర్‌లో పుట్టింటికి వెళ్లి బస్సుల్లేక అక్కడే చిక్కుకుపోయింది. మొగుడి సమ్మె ముందు పెళ్లానికే తగిలిందని నేను నవ్వుకున్నాను కూడా. ఫాదర్ గారు అంతా విని వరుస మార్చనన్నారు. ఆ ఆదివారం జవాబు ఎందుకు చెప్పలేదని నన్నే అడిగారు. మీ కోసమే అన్నాను.

ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వారు. "నేను చెప్పానమ్మా. మైకుకు దూరంగా ఉన్నాను కదా, మీకు వినపడి ఉండదు."

ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. మింగుడుపడలేదు, బయటికీ రాలేదు.

పండుగ బాగా జరిగింది. ఎనిమిదో తేదీ పొద్దున మాత్రం నేను పిలుపు చెప్పడానికి వెళ్లలేదు. వాకిలి ఊడ్చాను, బియ్యం ఏరాను, ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను. వాడిల్లు మా వెనక వీధిలోనే. తన వంతని వాడికీ తెలుసు కదా, వాడే వచ్చి అడగనీ అని నా పంతం. ఇంత వయసొచ్చి ఏం లాభం.

సాయంత్రం ఐదింటికి పదిమంది ఆడవాళ్లం పాట పాడుతూ బయల్దేరాం. వాడి తలుపుకు తాళం వేసి ఉంది. గడప కడిగి ఉంది. తెరిచిన కిటికీలోంచి చూస్తే లోపల కుర్చీ మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి, పక్కన బంతిపూలు, రెండు కొత్త కొవ్వొత్తులు పెట్టి ఉన్నాయి. ఆడదిక్కు లేని ఇంట్లో వాడొక్కడే అవన్నీ సర్దుకున్నాడు.

ఎదురింటి రాజయ్య బయటికొచ్చాడు. "పొద్దుగాలకెల్లి పగటిదాంక గడప మీదనే కూసున్నడమ్మా. అక్క పిలుపు రాలే, తల్లిని నా ఇల్లు దాటిస్తున్నట్టుందని చెప్పి డేరాకు పోయిండు."

నెత్తి మీద పెట్టె ఒక్కసారి బరువెక్కింది. తొమ్మిదో తేదీ ఇంటికి ఇచ్చేద్దాం, తాళం వేసుకుపోయింది ఆయనే కదా, నీ తప్పేముంది అని ఆడవాళ్లు అన్నారు. తప్పు నాదేనని వాళ్లకు తెలియదు, నాకు తెలుసు. డేరా దగ్గరికి పోదామంటే ఒక్కరూ కదల్లేదు. జెండాల కిందికి తల్లిని తీసుకెళ్తావా అని నా మాటలే నాకు అప్పజెప్పారు. వాళ్లకు అవి నేర్పింది నేనే కాబట్టి కోప్పడలేకపోయాను. ఒక్కదాన్నే బయల్దేరాను.

హైవే దాకా కిలోమీటరు పైనే. ఆ రోడ్డు పక్క కంకర నా పాదాలకు కొత్త. మోకాళ్లు అడుగడుగునా మొరాయించాయి. నెత్తి మీంచి విమానం దిగుతుంటే పెట్టె అద్దాలు గలగలమన్నాయి. రెండు చేతులా గట్టిగా పట్టుకుని, నేను పడినా పర్వాలేదు, నిన్ను పడనివ్వనమ్మా అనుకుంటూ నడిచాను.

డేరాలో ముప్పై మంది దాకా ఉన్నారు. నన్ను చూసి ఎవరో మైకు ఆపేశారు. ముందు వరసలోంచి సత్తెమ్మ లేచింది. వాళ్లు కాపుదనపోళ్లు, భూమున్న రైతులు. చిన్నప్పుడు వాళ్ల చేలో నేను కలుపు తీశాను. ఆ చేను ఇప్పుడు విమానాశ్రయం గోడ లోపల ఉంది. ఆమె చెప్పులు విడిచి, మైకు బల్ల మీది కాగితాలు తీసేసి, కొంగుతో బల్ల తుడిచింది. ఈమె ఏ దేవత అని అడగలేదు.

ఇన్నయ్య పరుగున వచ్చి నా నెత్తి మీది పెట్టె అందుకున్నాడు. నా కాళ్ల వైపు చూశాడు. "గిక్కడికెందుకు తెచ్చినవక్కా? నీకు నచ్చని జాగ గదా ఇది."

"చీటీ నీది," అన్నాను. "పిలుపు నేనే చెప్పలే తమ్మీ. తప్పు నాదే."

 ఇంటికే పోదాం, బండి మీద దింపుతానని తొందరపెట్టాడు. తల్లి ఆ డేరాలో ఉంటే నా మనసు నొచ్చుకుంటుందని వాడి బాధ. నా మోకాళ్లు ఇక లేవవు, ఇక్కడే కానివ్వమన్నాను.

వాడు బల్ల మీద పెట్టె పెట్టి, సైకిలు మీద వచ్చిన ఒకాయన్ని పంపి కొవ్వొత్తులు తెప్పించాడు. మేమిద్దరమే జపమాల చెప్పుకున్నాం. ప్రతి జపంలో మొదటి సగం వాడు, రెండో సగం నేను, నాయన దగ్గర చెప్పుకున్నట్టే. మిగతావాళ్లు తెలియకపోయినా చేతులు కట్టుకుని కూర్చున్నారు. చివర, వంతు వచ్చిన ఇంటి యజమాని తన విన్నపం చెప్పాలి. వాడి చొక్కా జేబులో మడిచిన కాగితం అంచు కనబడుతోంది. ఈసారి వింటాను, జవాబు కూడా చెబుతానని నన్ను నేను గట్టి చేసుకున్నాను.

వాడు కాగితం తీయలేదు. "మా అక్క మోకాళ్ల నొప్పి తగ్గుట కొరకు ప్రభువును వేడుకుందాం," అని కళ్లు మూసుకున్నాడు. అంతే.

నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై మంది వాడివాళ్లు చుట్టూ ఉన్నారు, మైకు ఉంది, డేరా వాడిది. అయినా నా కోసం ఆ కాగితాన్ని మింగేశాడు. ఏడుస్తూనే జవాబు చెప్పాను. పూజలో పార్టీల మాట వద్దని ఇప్పటికీ అంటాను. ఎదురుగా సత్తెమ్మ మాత్రం చేతులు జోడించుకుని, ఇప్పుడేం చేయాలన్నట్టు నా వైపే చూస్తోంది.

"భూములు పోయినోళ్ల కొరకు," అన్నాను. "సమ్మెల కూసున్నోళ్ల కొరకు. వీళ్లు ఏం అడుగుతున్నరో నీకే ఎరుక. ప్రభువును వేడుకుందాం."

డేరాలోవాళ్లకు ఆ జవాబు తెలియదు. ఎవరూ పలకలేదు. మైకు ముందు నిలబడినవాడికి ఆ నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. ఆ ఆదివారం గుడిలో వాడు అంతసేపు ఒక్కడే నిలబడ్డాడు.

"ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి," అన్నాడు ఇన్నయ్య నా పక్క నుంచి. వాడొక్కడే.