సార్ పిసికిన మట్టి

ఆ ల్యాబుకు ఒక ఆనవాయితీ ఉంది. పొలం నుంచి మట్టి రాగానే ముందు ప్రొఫెసరుగారే ఒట్టి చేతులతో పిసకాలి. "గ్లవ్సు వేసుకుంటే మట్టి గురించి ఏం తెలుస్తుందర్రా? నేను చెప్పానని నమ్మకండి. మీ చేత్తో మీరు చేసి చూడండి, అప్పుడు నమ్మండి" అనేవారు. ఆ ఒక్క మాటకే పడిపోయి, బ్యాంకు పరీక్షల పుస్తకాలు అటకెక్కించి, ఆయన దగ్గర పరిశోధనలో చేరింది ఒక అమ్మాయి. ఆయనలా చెయ్యి పట్టుకుని నేర్పేవాళ్లు ఇంకొకరు లేరు. అది మాత్రం కాదనలేం.

ఆయనకు పేరు తెచ్చింది ఆ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి. గాజు ప్లేటులో పసుపు చుక్కలుగా పెరుగుతుంది, మొక్కల వేళ్లకు బలమిస్తుందట. ఆమె థీసిస్ అంతా దానిమీదే.

ఈసారి మట్టి వచ్చేసరికి సార్ ఊళ్లో లేరు. ఆమె వేలు తెగి కట్టుతో ఉంది. గత్యంతరం లేక గ్లవ్సు వేసుకుని తనే పిసికింది. ప్లేట్లలో రకరకాల చుక్కలు పెరిగాయి గాని, పసుపుది ఒక్కటీ లేదు. మళ్లీ చేసింది. మళ్లీ లేదు.

సార్ రాగానే, మట్టి తగలని శుభ్రమైన ప్లేటు ముందు పెట్టి, "ఒక్కసారి దీనిమీద వేలు ఆనించండి సార్" అంది.

"నాకే పరీక్ష పెడుతున్నావా?" అని నవ్వుతూనే ఆనించారు.

రెండు రోజులకు ఆ ప్లేటు నిండా పసుపు చుక్కలు. ఆ జీవి మట్టిది కాదు, ఆయన చేతిది. పిచ్చిది, చూసి సార్ మెచ్చుకుంటారనుకుంది! శిష్యురాలు తప్పు పట్టుకుంటే పొంగిపోయే గురువులు ఉపన్యాసాల్లోనే ఉంటారని ఆమెకెవరు చెప్పాలి?

ఆయన ప్లేటును కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. అర్థమైందని ముఖమే చెప్పింది. తర్వాత దాన్ని చెత్తడబ్బాలో పడేశారు.

"నీకింకా చెయ్యి తిరగలేదమ్మాయ్. మట్టి నేనే పిసికి ఇస్తాను, మొదటినుంచి చెయ్యి. పసుపు చుక్కలు వస్తేనే థీసిస్ మీద సంతకం."

ఇంటికెళ్లి ఏడిస్తే తల్లి కసిరింది. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావుటే? ఇన్నేళ్లూ పడ్డ కష్టం బూడిదలో పోసుకోకు. నోరు మూసుకుని సంతకం పెట్టించుకో తల్లీ."

ఆమె నోరు మూసుకుంది. చుక్కలు కూడా బుద్ధిగా పెరిగాయి. సంతకం ఒక్కటే మిగిలింది.

కొత్త పిల్లలు వచ్చిన రోజు సార్ మట్టి పిసుకుతూ, "నేను చెప్పానని నమ్మకండి!" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలోని అమ్మాయి, ప్లేట్లు పంచుతున్న ఆమెను మెల్లిగా అడిగింది.

"అక్కా, ఇవి నిజంగా మట్టిలోవేనా? గ్లవ్సు వేసుకుని ఒకసారి చేసి చూడనా?"

ఒకప్పటి తనే ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది ఆమెకు. సార్ పిసకడం ఆపి ఇటే చూస్తున్నారు.

ఆమె ఆ పిల్ల చేతిలోంచి గ్లవ్సు తీసేసుకుంది.

"ఎందుకే? సార్ చెప్పారుగా" అంది.